ఏబీ అంటే ఆబిడ్స్

నేను అక్షరాలను తిరగేసి చదవగలను. జీవితంలో నాకు వచ్చిన విద్య అదొక్కటే. మా నాన్న రబ్బరు ముద్రలు చెక్కేవాడు. ముద్ర మీద అక్షరం అద్దంలో కనిపించినట్టు ఉంటుంది. చిన్నప్పుడు పలక మీద కూడా అలాగే రాసి బడిలో దెబ్బలు తిన్నాను. ఇప్పుడు ముద్రలు యంత్రం చేస్తుంది. తిరగేసి చదివే మనిషి అవసరం ఎవరికీ లేదు. విద్య మాత్రం నన్ను వదల్లేదు. సరిగ్గా ఉన్నది నాకు కాస్త ఆలస్యంగా అర్థమవుతుంది.

పేరు శ్రీపతి. దుకాణం గన్‌ఫౌండ్రీ నుంచి ఆబిడ్స్ వైపు వచ్చే ఒక గల్లీలో. ఇల్లు నాంపల్లిలో, స్టేషన్‌కు దగ్గర. దుకాణానికి నడిచే వస్తాను, నడిచే పోతాను. నా ప్రపంచం వైశాల్యం దాదాపు అంతే.

ముద్రలతో గడవక ఐడీ కార్డులు మొదలుపెట్టాను. బడి పిల్లలకు, బట్టల దుకాణాల్లో అమ్మాయిలకు, బ్యాంకుల ముందు నిలబడే గార్డులకు. ఫోటో, పేరు, ఫోన్ నంబరు. మెడలో వేసుకోవడానికి ట్యాగ్. కార్డు మీద ఇంకో గడి ఉంటుంది. బ్లడ్ గ్రూప్. పేరూ నంబరూ ధీమాగా చెప్పిన మనిషి ఈ గడి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాడు.

"బ్లడ్ గ్రూప్?"

"ఏమో సేటూ. నువ్వే ఏదన్న ఒకటి పెట్టు."

గడి ఖాళీగా వదిలితే కార్డు పన్ను ఊడిన నోరులా ఉంటుంది. అందుకని తెలియని వాళ్లందరికీ ఓ పాజిటివ్ వేసేవాణ్ని. ఓ గుండ్రంగా ఉంటుంది. గడిలో చక్కగా కూర్చుంటుంది. నెగటివ్ అని మాత్రం ఎన్నడూ వేయలేదు. పొద్దున్నే బోణీ వేళ ఒకరి మెడలో నెగటివ్ అని రాసి పంపడం మంచిది కాదనిపించేది. దవాఖానలో ఎవరూ కార్డు చూసి రక్తం ఎక్కించరు, మళ్లీ పరీక్ష చేస్తారు. ఆ సంగతి నాకు తెలుసు. అందుకే నిద్ర బాగా పట్టేది.

నా కార్డు మీద ఏబీ పాజిటివ్ వేసుకున్నాను. ఆబిడ్స్ అని ఇంగ్లీషులో రాస్తే మొదటి రెండు అక్షరాలు అవే. దుకాణం బోర్డు మీదా అవే, మెడలోనూ అవే. పైగా అది తక్కువ మందికి ఉంటుందని ఎక్కడో విన్నాను. నాలో తక్కువ మందికి ఉండేది ఇంకేమీ లేదు. మా అమ్మాయి మనస్వినికి బడి కార్డులు ఏటా నేనే చేశాను. దానికి ఓ వేశాను. చిన్నపిల్ల, గుండ్రని ముఖం.

ఒక ఆదివారం పేపర్‌లో ఒక వ్యాసం కనిపించింది. వేలిముద్రలకూ రక్తం గ్రూపుకూ సంబంధం ఉందా అని. వేళ్ల మీది గీతలు కడుపులో ఉండగానే పడతాయట. రక్తం గ్రూపూ అంతే, పుట్టుకతో వచ్చేదే. రెండూ మనిషితోనే ఉండిపోతాయి. కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి కొందరు లెక్కలు వేశారట. ఓ గ్రూపు వాళ్ల వేళ్ల మీద మడతలు ఎక్కువ కనిపించాయట, ఇంకో గ్రూపులో సుడులు. అంతవరకు చదివాను. 'మిగతా ఏడవ పేజీలో' అని ఉంది. ఏడవ పేజీని నళిని అప్పటికే వంటింటి అరలో ఊరగాయ జాడీల కింద పరిచింది. నళిని నా భార్య. జాడీలు లేపి చదవవచ్చు. లేపలేదు. సగం శాస్త్రం నాకు సరిపోయింది.

వేళ్ల మీది గీతలు నాకు కొత్త కూడా కాదు. చిన్నప్పుడు మా నాయనమ్మ మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, వేళ్లు పట్టుకుని శంఖాలెన్ని చక్రాలెన్ని అని లెక్కపెట్టేది. ఒక పక్కకు తెరుచుకున్న మడత శంఖం. గుండ్రంగా తిరిగే సుడి చక్రం. చక్రాలు ఎక్కువ ఉన్నవాడు రాజవుతాడనేది. నాకు ఎక్కువే ఉన్నాయి. రాజ్యం కొంచెం ఆలస్యమవుతోంది. కొందరి వేలి మీద శంఖమూ ఉండదు, చక్రమూ ఉండదు. గీతలు మెట్టలా లేచి దిగిపోతాయి. నాయనమ్మ దానికి పేరు పెట్టలేదు. నేను విల్లు అని పెట్టాను. శాస్త్రానికి నా వంతు సేవ.

పేపర్ సగం, నాయనమ్మ సగం కలిపి ఒక పద్ధతి తయారుచేశాను. బొటనవేలి మీద శంఖముంటే ఓ. చక్రముంటే బీ. విల్లుంటే ఏ. రెండు బొటనవేళ్లూ రెండు రకాలైతే ఏబీ. ముందు నావి చూసుకున్నాను. కుడిది శంఖం, ఎడమది చక్రం. ఆబిడ్స్ కోసం వేసుకున్న ఏబీని శాస్త్రం కూడా ఒప్పుకుంది. ఆ రోజు ఒక చాయ్ ఎక్కువ తాగాను.

మొదట చిక్కినవాడు పెంటయ్య. గల్లీ మొదట్లో చాయ్ బండి అతనిది. గ్లాసు ఇవ్వబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"ఏంది సేటూ, గట్ల పట్టినవ్? జాతకం చెప్తవా?"

"జాతకం గాదు, సైన్సు. నీది శంఖం. ఓ పాజిటివ్."

"అరె! మొన్న కాలికి కుట్లు పడ్డప్పుడు దవాఖానల గదే చెప్పిన్రు. నీకెట్ల ఎర్కైంది?"

నేను మాట్లాడలేదు. గొప్పవాళ్లు ఇలాంటప్పుడు మాట్లాడరని విన్నాను.

పెంటయ్య చాయ్ ఎక్కడెక్కడికి పోతుందో ఈ కబురు అక్కడికల్లా పోయింది. బ్యాంకు గార్డు పరశురాం వచ్చి సెల్యూట్ కొట్టి మరీ వేలు చూపించాడు. చక్రం. బీ వేశాను. సుల్తాన్ బజార్‌లో చీరల దుకాణంలో పనిచేసే స్వర్ణ, తన తోటివాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. తమ గ్రూపు ముందే తెలిసినవాళ్లలో కొందరు, సరిపోయిందని నోరు తెరిచేవారు. సరిపోనివాళ్లు తమ రిపోర్టులోనే తప్పుందనుకుని దిగులుగా వెళ్లేవారు. మన దగ్గర ఓ గ్రూపు వాళ్లు ఎక్కువ. శంఖాలున్న వేళ్లూ ఎక్కువే. దారిన పోయే ఎవరిని ఆపి ఓ అన్నా చాలాసార్లు నిజమవుతుంది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పుడు అదంతా నా చూపు అనుకున్నాను.

"నాదేందన్నా?" అంది స్వర్ణ.

"విల్లు. చానా తక్కువ మందికుంటది. ఏ పాజిటివ్."

"విల్లా? మంచిదే. రేపు అత్తగారింట్ల పనికొస్తది." తోటివాళ్లు నవ్వారు. "మరి నీదేంది?"

"ఏబీ. ఏబీ అంటే ఆబిడ్స్" అన్నాను నవ్వుతూ.

నవ్వుతూ చెప్పిన నిజం ఎవరికీ గుర్తుండదని నా నమ్మకం. స్వర్ణకు జ్ఞాపకశక్తి ఎక్కువ.

మనస్విని కోఠిలో కాలేజీకి పోతుంది. ఎమ్మెస్సీ, స్టాటిస్టిక్స్. చివరి ఏడాది ప్రాజెక్టుకు వాళ్ల రశ్మి మేడం ఇచ్చిన విషయం ఏమిటో ఒక సాయంత్రం అన్నం దగ్గర చెప్పింది. వేలిముద్రల రకాలకూ రక్తం గ్రూపులకూ సంబంధం ఉందో లేదో లెక్కగట్టి చూడాలి. నా చేతిలో ముద్ద ఆగిపోయింది. నేను వేళ్లు చూస్తానని దానికి తెలుసు. కాలక్షేపానికి అనుకుంది. చూసింది కార్డు మీద అచ్చు వేస్తానని తెలియదు.

"ముద్రలు నేను తీసిస్త" అన్నాను. "మన దగ్గర ప్యాడ్లకేం తక్కువ?"

"బ్లడ్ గ్రూప్ గూడ కావాలె డాడీ. మాది లెక్కల డిపార్ట్‌మెంట్. మాకు ల్యాబ్ యాడిది?"

"అందరి మెడల కార్డులున్నయి గదా. చూసి రాసుకుంటే అయిపాయె."

ఈ మాట అన్నది నేనే. అన్న తర్వాత కూడా ఇందులో తప్పేముందో తట్టలేదు.

"సూపర్ ఐడియా డాడీ" అంది.

అది నన్ను మెచ్చుకోవడం అరుదు. ఆ రాత్రి నళినికి రెండుసార్లు చెప్పాను.

దుకాణంలో ఒక స్టూలు వేసుకుని మనస్విని కూర్చుంది. కార్డు చేయించుకున్నవాళ్లను నేను పిలిపించాను. వేలును ఈ అంచు నుంచి ఆ అంచుకు దొర్లించాలి, నొక్కకూడదు. ముద్రల మనిషిని కాబట్టి నాకది బాగా కుదిరింది. నేను ముద్ర తీస్తే, అది మెడలో కార్డు చూసి పక్కన గ్రూపు రాసుకుని, కార్డుకు ఫోన్‌లో ఫోటో తీసుకునేది. నా ముద్రా తీసింది, నా కార్డూ తీసింది. తన పాత బడి కార్డు కూడా కలిపింది.

పరశురాం వేలు దొర్లిస్తున్నప్పుడు తట్టింది. చక్రం. మెడలో బీ. ఈ జత ఎక్కడో చూశాననిపించింది. ఎక్కడో కాదు, నేనే వేశాను. ఆ రోజు వేలు చూసి కార్డు వేశాను. ఇప్పుడు నా బిడ్డ ఆ కార్డు చూసి అదే వేలి పక్కన రాస్తోంది. నా మాటే నాకు తిప్పి వినిపిస్తోంది, అదీ సైన్సు పేరుతో.

నోరు తెరిచాను.

"డాడీ, ఇంకు ఎక్కువైంది" అంది తలెత్తకుండా.

మూసుకున్నాను. తర్వాత తీరిగ్గా ఆలోచించి నాకు నేను సర్దిచెప్పుకున్నాను. శాస్త్రం నిజమైతే కార్డులు నిజం. కార్డులు నిజమైతే శాస్త్రం నిజం. రెండూ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నిలబడ్డాయి. కింద నేల ఉందో లేదో నేను చూడలేదు.

లెక్కలు వచ్చాయి. శంఖాల వాళ్లు దాదాపు అందరూ ఓ. చక్రాల వాళ్లు బీ. విల్లులు ఏ. ఇంత చక్కని సంబంధం ఇంతవరకు ఎవరికీ దొరకలేదట. మనస్విని ఎగురుతూ కాలేజీకి పోయింది. సాయంత్రం వచ్చి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుంది.

"మేడం నేను దొంగ లెక్కలు రాసిన అంటున్రు" అంది. "ఇంట్ల కూసొని సొంతంగ రాసుకొచ్చినవా అని అడిగిన్రు. గదే నిజమైతే ప్రాజెక్టు కొట్టేస్తరంట. సంవత్సరం పోతది. పేరు గూడ పోతది. డాడీ, నువ్వు చెప్పు. ఒక్కటన్న నేను సొంతంగ రాసిన్నా?"

"లేదు" అన్నాను. ఆ మాట వరకు నిజమే.

"ఏడువకు బిడ్డా" అంది నళిని. "మీ డాడీ పక్కనే ఉన్నరు గదా. ఆయన చెప్తరు మేడంకు."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను. పిల్ల ఆ పూట అన్నం తినలేదు. నేను తిన్నాను. తినకపోతే అనుమానం వస్తుందని.

మరునాడు మధ్యాహ్నం రశ్మి మేడమే దుకాణానికి వచ్చారు, వెనక మనస్విని. లావుగా, కోపంగా ఉండే మనిషిని ఊహించుకున్నాను. ఆవిడ సన్నగా, ఓపిగ్గా ఉన్నారు. అది ఇంకా కష్టం. అప్పుడే నళిని నాకు డబ్బా తెచ్చి మూత తీస్తోంది. పెంటయ్య చాయ్‌లు ఇచ్చి, ఖాళీ గ్లాసుల కోసమన్నట్టు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"శ్రీపతి గారూ" అన్నారు మేడం. "మీ అమ్మాయి మంచి పిల్ల. అందుకే పైన ఎవరికీ చెప్పకముందు నేనే వచ్చాను. రాత్రి కార్డుల ఫోటోలన్నీ చూశాను. తను రాసింది కార్డుల మీద ఉన్నదే. సొంతంగా ఏమీ రాయలేదు."

మనస్విని ముఖం తేటపడింది.

"కానీ రెండు కార్డుల దగ్గర ఆగిపోయాను. నాకూ తెలియదు, పక్కన జువాలజీ వాళ్లకు చూపిస్తే చెప్పారు." ఫోన్ తిప్పి చూపించారు. ఒకటి నా కార్డు. ఒకటి మనస్విని బడి కార్డు. "మీరు ఏబీ. మనస్విని ఓ. తండ్రి ఏబీ అయితే బిడ్డకు ఓ రాదట. ఎక్కడో చాలా అరుదుగా తప్ప."

గల్లీలో ఒక స్కూటర్ హారన్ కొట్టి ఊరుకుంది.

"అంటే ఏంది మేడం?" అన్నాడు పెంటయ్య.

"అంటే రెండు కార్డుల్లో ఒకటైనా తప్పు."

పెంటయ్య ముఖం చూస్తే అతనికి ఇంకో అర్థం ముందే తట్టిందని తెలుస్తోంది. నళినికీ తట్టింది. తీసిన మూత మళ్లీ డబ్బాకు పెట్టింది.

"ఏమండీ" అంది. గొంతు పెంచలేదు. "నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాంక రోజూ ఆ కార్డు మెడలేసుకొని తిరుగుతున్రు. బిడ్డ కార్డు చేసింది గూడ మీరే. ఇప్పుడు నలుగురిల నా గురించి ఏం మాట అయితుందో సమజైతుందా?"

నాకు సమజయింది. చెప్పవలసిన మాట చిన్నదే. తెలియదు, ఊరికే వేశాను. అది నాలుక దాకా వచ్చింది. అక్కడ అక్షరాలు తిరగబడ్డాయి.

"ఎప్పుడో టెస్టు చేయించిన్నేమో... యాదికి లేదు" అన్నాను.

"మీ యాదికి లేకుంటే నా బతుకేం గావాలె?"

అప్పుడు స్వర్ణ వచ్చింది. ట్యాగ్ తెగిపోతే కొత్తది వేయించుకోవడానికి. అందరి ముఖాలూ ఒకసారి చూసి, ఫోన్‌లో నా కార్డు చూసింది.

"గీ కార్డు గురించా? గది ఆబిడ్స్ మేడం" అంది. "అన్ననే చెప్పిండు నాతోని, ఏబీ అంటే ఆబిడ్స్ అని. ఆయనది ఉత్తగనే ఏసుకున్నడు. మా అందరివి మాత్రం మంచిగ చూసి ఏస్తడు. బొటనేలు పట్టి టక్కున చెప్తడు. శంఖమైతే ఓ, చక్రమైతే బీ. మా దుకాణంల ఎవ్వలం సూది గుచ్చుకోలే. అంత అన్ననే."

గర్వంగా చెప్పింది. నా గురించి అంత మంచిగా ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

మేడం గ్లాసు కింద పెట్టారు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు ఆగలేదు. "అంటే వేలు చూసి కార్డు... మళ్లీ కార్డు చూసి వేలు..." అని కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

మనస్విని నవ్వలేదు.

"కార్డులు చూసి రాసుకొమ్మన్నప్పుడు నీకెర్కేనా డాడీ?"

"అప్పుడు తట్టలే. తర్వాత తట్టింది."

"తర్వాత అంటే? నిన్న నేను ఏడ్చినప్పుడు ఎర్కేనా?"

"ఔ."

ఒకటే అక్షరం. ఎటు నుంచి చదివినా అదే.

మేడం నవ్వు ఆగిపోయింది. నళిని డబ్బాను నా ముందుకు తోసింది. "తిను" అంది. "తిని, బిడ్డ ఏం చెప్తే గది చెయ్." పెళ్లయిన తర్వాత నన్ను నువ్వు అనడం అదే మొదలు.

మేడం ఒక దారి చూపించారు. వేలిముద్రలు నిజమైనవే. తప్పు గ్రూపుల దగ్గరే. అందరినీ మళ్లీ పిలిపించి రక్తం చుక్క ఇప్పిస్తే, జువాలజీ వాళ్లు పరీక్ష చేసి పెడతారు. ప్రాజెక్టు ఇచ్చే గడువు ఇంకా ఉంది, కానీ ఎక్కువ లేదు. "అంతమందిని ఎవరు తెస్తారు?" అన్నారు. అందరూ నన్నే చూశారు. పెంటయ్య కూడా.

నేను తిరిగాను. గన్‌ఫౌండ్రీ బ్యాంకుల ముందు, సుల్తాన్ బజార్ బట్టల దుకాణాల్లో, కోఠి బస్టాపు దగ్గర. మనుషులను నమ్మించడం తేలికని నాకు అనుభవం. ఆ నమ్మకం పోగొట్టడం ఇంత కష్టమని తెలియదు.

"సూదెందుకు సేటూ? నువ్వు చెప్పినవ్ గదా. నీ మాట చాలు."

"నా మాట తప్పు. నాకు తెల్వకుంటనే ఏసిన."

"ఏ, గిట్లనే అంటవ్. పెద్దమనిషివి."

పరశురాం బాధ వేరు. "బ్యాంకుల అందరికీ మీ గురించి నేనే చెప్పిన సార్. మేనేజర్ సార్ వేలు గూడ చూపిద్దామనుకున్న. ఇప్పుడు గదంత ఉత్తదేనని నేనే చెప్పాల్నా?"

"నేనే వచ్చి చెప్త" అన్నాను. వెళ్లి చెప్పాను. మేనేజర్ కొంచెం నిరాశపడ్డారు.

'నాకు తెలియదు' అనే మాట మొదటి దుకాణంలో గొంతుకు అడ్డం పడింది. చివరి దుకాణానికి వచ్చేసరికి ధారాళంగా వచ్చింది. కొందరు సైన్సు కోసం వచ్చారు, కొందరు మనస్విని ముఖం చూసి వచ్చారు. ఎక్కువమంది నేను ఓడిపోతే చూడాలని వచ్చారు. ఎట్లాగైనా వచ్చారు.

జువాలజీ ల్యాబ్‌లో గాజు సీసాల్లో కప్పలు, పాములు. మనస్విని నాతో మాట్లాడకుండా కుర్చీ చూపించింది. మొదటి వేలు నాదే. సూది గుచ్చిన అమ్మాయి గాజు పలక మీద మూడు చుక్కలు పెట్టి, ఒక్కోదానికి ఒక్కో మందు కలిపింది. మొదటి రెండు చుక్కలూ ఊరుకున్నాయి. మూడోది రవ్వరవ్వగా విడిపోయింది.

"ఓ పాజిటివ్ అంకుల్. కామన్."

కామన్ అనే మాట ఆ అమ్మాయి మామూలుగానే అంది. తెలియని వాళ్లందరికీ నేను వేస్తూ వచ్చిన గ్రూపు నాదేనన్నమాట. ఊరందరికీ నా రక్తమే పంచిపెట్టాను.

పెంటయ్యది ఓ. "చూసిన్రా, నాది సేటు కరెక్ట్ చెప్పిండు" అని ల్యాబ్ అంతా వినిపించేలా అన్నాడు. పరశురాం బీ కాదు, ఏ. మనస్విని బీ. బడికి పోయినన్నాళ్లూ దాని మెడలో తప్పు అక్షరం వేలాడింది. అది గాజు పలకను చాలాసేపు చూసింది. నా వైపు చూడలేదు.

"నాది గూడ బీనే" అంది నళిని. "నువ్వు పుట్టినప్పుడే దవాఖానల చెప్పిన్రు. మీ డాడీ ఎన్నడన్న అడిగితే గదా."

స్వర్ణది ఏ. అంతవరకు నేను చెప్పిందే. నా ఛాతీ కొంచెం ఉబ్బింది. అంతలో మూడో చుక్క విడిపోలేదని ఆ అమ్మాయి చెప్పింది. ఏ నెగటివ్. జువాలజీ పాఠం చెప్పే మేడం వచ్చి స్వర్ణను పక్కకు కూర్చోబెట్టింది. దవాఖానలో ఇంకోసారి చూపించుకోవాలనీ, పెళ్లయ్యాక కడుపుతో ఉంటే మొదటిరోజే డాక్టరుకు ఈ సంగతి చెప్పాలనీ, చెబితే భయం లేదనీ, దానికి మందు ఉందనీ వివరించింది.

స్వర్ణ నా దగ్గరికి వచ్చింది. "నెగటివ్ అంటే మంచిది గాదా అన్నా?"

"గట్లేం లేదమ్మా. మంచిది గాదనుకున్నది నేనే. ఎవ్వరికీ ఎయ్యలే."

"మంచిదాయె. ఇప్పుడన్న ఎర్కైంది" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మనస్విని మళ్లీ లెక్కలు కట్టింది. ఈసారి లెక్కల్లో మెరుపులేమీ లేవు. ఏ గ్రూపు చూసినా శంఖాలే ఎక్కువ, తర్వాత చక్రాలు, విల్లులు తక్కువ. కొద్ది తేడాలు ఉన్నాయి, కానీ అవి ఊరికే కూడా వచ్చేటంత చిన్నవి. ఇంతమందిని చూసి సంబంధం ఉందని చెప్పలేం, అంతే. ఆ 'చెప్పలేం' అనే మాటకు మేడం మంచి మార్కులు వేశారు. నేను దాన్ని ముందే చెప్పి ఉంటే ఇంత తిరుగుడు ఉండేది కాదు.

ప్రాజెక్టు పుస్తకం ఇంటికి తెచ్చింది. చివర్లో జాగ్రత్తలు అనే భాగంలో నేనున్నాను. పేరు లేదు. 'కార్డుల మీది సమాచారం నమ్మదగినది కాదు. ఒక దుకాణదారు వేలు చూసి గ్రూపు నిర్ణయించినట్టు తేలింది' అని ఉంది. సైన్సులో నాకు దక్కిన చోటు అది. ఆ పేజీని చాలాసార్లు చదువుకున్నాను.

దసరాకు ముందు నళిని అర కడుగుతూ జాడీలు దించింది. ఏడవ పేజీ బయటపడింది. నూనె పట్టి గాజులా అయింది. వెనక వైపు అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయి. అలవాటు కొద్దీ ముందు వాటినే చదివాను. బనియన్ల ప్రకటన. తర్వాత తిప్పి ఇటువైపు చదివాను. 'అయితే' అని మొదలైంది. ఇంకొన్ని చోట్ల లెక్కలు వేరుగా వచ్చాయట. ఒకచోట కనిపించింది ఇంకోచోట కనిపించలేదట. వేలు చూసి ఎవరూ గ్రూపు చెప్పకూడదట.

ఇప్పుడు దుకాణంలో పద్ధతి మారింది. రిపోర్టు చూపిస్తే గ్రూపు వేస్తాను. లేకపోతే గడిలో 'తెలియదు' అని వేస్తాను. మొదట్లో గొడవలయ్యాయి. తెలియదు అనే మాట మెడలో వేసుకుని తిరగడం ఎవరికి ఇష్టం? కొందరు ఆ సిగ్గుతోనే పోయి పరీక్ష చేయించుకుని వచ్చారు. పాత కార్డులన్నీ మార్చి ఇచ్చాను. నా మెడలో ఇప్పుడు ఓ ఉంది. "మనిద్దరిది ఒకటే రక్తం సేటూ" అంటాడు పెంటయ్య. "దుకాణంల వాటా అడుగుత చూడు."

మనస్విని ఇంట్లో నాతో అవసరం మేరకే మాట్లాడేది. ఉప్పు అందుకో, తలుపు వేసుకో. ఆ మాటల్లో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. అందుకే అవి బరువుగా ఉండేవి.

మొన్న అది దుకాణానికి వచ్చింది. సర్వేలు చేసే ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఐడీ కార్డు బయట చేయించుకొమ్మన్నారట. ఆబిడ్స్‌లో కార్డులు చేసే దుకాణాలు ఇంకా చాలా ఉన్నాయి. ఆ సంగతి నాకు తెలుసు, దానికీ తెలుసు.

ఫోటో తీశాను. పేరు కొట్టాను. నంబరు కొట్టాను. గడి దగ్గరికి వచ్చాను.

"బ్లడ్ గ్రూప్?" అన్నాను.

అది కౌంటర్ మీదుగా చెయ్యి చాపి, బొటనవేలు నా ముఖం ముందు పెట్టింది.

"చూసి చెప్పు డాడీ."

గుమ్మంలో పెంటయ్య గ్లాసులు పట్టుకుని ఆగిపోయాడు. వేలు చూశాను. శంఖం. చిన్నప్పుడు పట్టుకుని నడిపించిన వేలే, గీతలేమీ మారలేదు. ల్యాబ్‌లో చుక్క విడిపోవడం నా కళ్లతో చూశాను. అక్షరం నోటి దాకా వచ్చింది.

"వేలు చూస్తే నాకు తెల్వదు" అన్నాను. "రిపోర్టు ఉందా?"

అది మూతి బిగించింది. ఆపుకోలేక నవ్వింది.

"ఉంది" అని సంచిలోంచి తీసింది. మడత పడకుండా అట్టల మధ్య పెట్టుకుని, ఇంటి నుంచే తెచ్చుకుంది.